చిన్న కుక్కకు మెడ బెల్టు అలవాటు చేయడం

కుక్కపిల్ల మెడకు బెల్టు పెట్టడం అర నిమిషం పని. ఆ బెల్టు తన ఒంటి మీద ఉన్నదన్న సంగతే మరచిపోయి అది తిని, ఆడి, పడుకునేలా చేయడానికి మాత్రం పది రోజుల నుంచి రెండు వారాల దాకా పడుతుంది. చాలా ఇళ్లలో ఈ రెండో పని జరగదు. బిగించి వదిలేస్తే రెండు రోజుల్లో అదే అలవాటవుతుందిలే అనుకుంటారు. పెద్ద జాతి కుక్కల్లో చాలావరకు అలాగే గడిచిపోతుంది కూడా. కానీ రెండు మూడు కిలోల బరువుండే పామరేనియన్, పగ్, షిట్జూ, డాషండ్ పిల్లలకు గానీ, వీధిలో దొరికిన నాటు కుక్కపిల్లకు గానీ మెడ మీద పడే ఆ మొదటి పట్టు చిన్న విషయం కాదు. అక్కడ పుట్టిన భయం తరువాత తాడు మీదికి, ఆ తరువాత తాడు పట్టుకున్న చేతి మీదికి పాకుతుంది.

ఈ మాట నేను చేసిన తప్పు నుంచి చెబుతున్నాను. హన్మకొండలోని మా ఇంటికి లడ్డును తెచ్చినప్పుడు దాని వయసు తొమ్మిది వారాలు, బరువు దాదాపు రెండు కిలోలు. మన దగ్గర అందరూ పామరేనియన్ అనే పిలిచే తెల్ల స్పిట్జ్ పిల్ల అది. తెచ్చిన సాయంత్రమే, దుకాణంలో అంటగట్టిన ఎర్ర తోలు బెల్టును, ఒకరు పిల్లను పట్టుకోగా మరొకరం మెడకు బిగించాము. అది రెండడుగులు వేసి, వెనక కాలితో మెడను నాలుగైదుసార్లు గీరుకొని, ఆ తరువాత వెనక్కి నడవడం మొదలుపెట్టింది. మెడను పట్టుకున్నదేదో ముందు నుంచి పట్టుకున్నది కాబట్టి వెనక్కి జరిగితే ఊడిపోతుందని దాని లెక్క. గోడ తగిలేదాకా అలాగే వెళ్లి, అక్కడి నుంచి మంచం కిందికి దూరి, పెరుగన్నం గిన్నె ఎదురుగా పెట్టినా ఆ రాత్రి బయటకు రాలేదు. మరునాటి నుంచి ఎవరి చేతిలో ఎర్రటి వస్తువు కనిపించినా పరుగు మంచం కిందికే. ఆ భయాన్ని వదిలించడానికి మూడు వారాలు పట్టింది.

ఈ హడావుడినంతా గోడ అవతలి నుంచి చూస్తున్న పక్కింటి అవ్వ, "గంత చిన్న పిల్లకు గా బెల్టెందుకు బిడ్డా, మెడల నల్ల దారం కడితె అయిపాయె" అన్నది. దిష్టి కోసం కట్టే ఆ దారం విషయంలో అవ్వతో ఏకీభవించలేను. కుక్కపిల్ల మెడ వారం వారం పెరుగుతుంది, దారం పెరగదు. బొచ్చు దట్టంగా ఉన్న పిల్లల్లో దారం కనబడకుండా లోపలికి దిగి, చర్మాన్ని కోసి, ఎప్పుడో వాసన వచ్చినప్పుడు గానీ ఇంట్లోవాళ్లకు సంగతి తెలియదు. సన్నని దారం, సన్నని తాడు, ప్లాస్టిక్ సుతిలి ఏదైనా ఇదే జరుగుతుంది. వెడల్పుగా, మెత్తగా ఉండి, సులభంగా వదులు చేసుకోగలిగిన బెల్టే మెడకు క్షేమం.

ఎలాంటి బెల్టు, ఎంత కొలత

ఆ ఎర్ర తోలు బెల్టును తరువాత ఒకరోజు కిరాణా కొట్టు కాంటాలో వేసి చూస్తే, ఇత్తడి బొడిపెలతో, గజ్జెతో కలిపి 90 గ్రాములు తూగింది. రెండు కిలోల పిల్లకు 90 గ్రాములంటే, 60 కిలోల మనిషి మెడకు రెండున్నర కిలోలకు పైగా బరువు కట్టినట్టు. కాబట్టి చిన్న కుక్కకు మొదటి బెల్టుగా పలుచని నైలాన్ పట్టీ లేదా మెత్తని నూలు పట్టీ కొనాలి. వెడల్పు ఒక సెంటీమీటరు నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా ఉంటే చాలు. ప్యాంటు బెల్టులా రంధ్రాలు, ముల్లు ఉన్న రకం కన్నా, స్కూలు బ్యాగులకు ఉండేలాంటి ప్లాస్టిక్ క్లిప్పు ఉన్న రకం మేలు. పిల్ల ఎక్కడైనా చిక్కుకుంటే ఒక్క నొక్కుతో తీసేయవచ్చు. లాగితే బిగిసే ఇనుప గొలుసులను ఇంత చిన్న ప్రాణికి ఏ వయసులోనూ వేయకూడదు.

గజ్జెల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మెడలో మువ్వ ఉంటే పిల్ల ఎక్కడున్నదీ తెలుస్తుందని, ముద్దుగా ఉంటుందని దుకాణదారులు బెల్టుకు గజ్జె వేసే అమ్ముతారు. మనిషి చెవి సెకనుకు సుమారు 20 వేల కంపనాలున్న ధ్వని దాకానే వింటుంది. కుక్క చెవి 45 వేల దాకా వింటుంది. తల తిప్పిన ప్రతిసారీ చెవికి రెండంగుళాల దూరంలో మోగే గజ్జె మనకు వినిపించేంత తియ్యగా దానికి వినిపించదు. కొనగానే కత్తెరతో తీసేయడం మంచిది.

కొలత తీయడానికి దర్జీ టేపు వాడాలి. టేపు లేకపోతే ఒక రిబ్బను ముక్కను మెడ చుట్టూ తిప్పి, దాన్ని స్కేలు మీద పెట్టి కొలుచుకోవచ్చు. మెడ మొదట్లో, అంటే భుజాలకు కాస్త పైన, బొచ్చును వేళ్లతో అణచి కొలవాలి. వచ్చిన కొలతకు రెండు మూడు సెంటీమీటర్లు కలిపి, ఆ మొత్తం బెల్టు సర్దుబాటు హద్దుల మధ్యలో పడేలా చూసుకుంటే కొన్నాళ్లు పనికి వస్తుంది. పెట్టిన తరువాత బెల్టుకు, చర్మానికి నడుమ రెండు వేళ్లు బల్లపరుపుగా దూరాలన్నది అందరూ పాటించే లెక్క. మరీ చిన్న పిల్లలకు ఒక వేలు సులువుగా దూరితే సరిపోతుంది. లడ్డులాంటి బొచ్చు కుక్కల్లో వేలు బొచ్చు మీద ఆగిపోయినా దూరినట్టే అనిపిస్తుంది, అందుకే వేలి కొసకు చర్మపు వెచ్చదనం తగిలేదాకా లోపలికి పోనిచ్చి చూడాలి.

బిగుతుకు భయపడి మరీ వదులుగా పెట్టడం ఇంకా ప్రమాదం. పిల్ల మెడను గీరుకుంటూ తల వంచినప్పుడు కింది దవడ బెల్టులోకి వెళ్లి ఇరుక్కుంటుంది. ముందు కాలు కూడా అలాగే ఇరుక్కుంటుంది. అప్పుడది నోరు మూయలేక, కేకలు పెడుతూ గింగిరాలు తిరుగుతుంది, తీయబోయిన చేతిని కరుస్తుంది కూడా. పెట్టిన వెంటనే బెల్టును నెమ్మదిగా ముందుకు, తల వైపు జరిపి చూడాలి. చెవుల దగ్గర ఆగాలి. చెవులు దాటి వచ్చేస్తే వదులుగా ఉన్నట్టే.

ముందు బెల్టు, తరువాత తిండి

బెల్టు అలవాటు చేయడంలో ఉన్న అసలు కిటుకు ఈ వరుసలోనే ఉంది. ఎక్కువమంది దీన్ని తలకిందులుగా చేస్తారు, నేనూ అలాగే చేశాను. గిన్నెలో అన్నం పెట్టి, పిల్ల తల వంచి తింటున్నప్పుడు వెనక నుంచి చప్పుడు చేయకుండా బెల్టు చుట్టేస్తారు. ఆ పూటకు పని జరిగిపోతుంది. కానీ పిల్ల నేర్చుకునేది ఏమిటంటే, అన్నం గిన్నె వచ్చిందంటే వెనకాలే ఆ మెడ పట్టు వస్తుందని. రెండు మూడు రోజుల్లో అది గిన్నెను చూసి కూడా అనుమానంగా తల పక్కకు తిప్పుకుంటుంది. బెల్టు మీద ఇష్టం కలగకపోగా తిండి మీద నమ్మకం పోతుంది.

రష్యన్ శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో తేలినది ఇదే. సంకేతం ముందు వచ్చి తిండి వెనకాలే వస్తే, కొన్నాళ్లకు ఆ సంకేతానికే కుక్క నోట్లో లాలాజలం ఊరుతుంది. వరుస మారితే ఆ సంబంధం గట్టిగా కుదరదు. ఆదివారం చికెన్ తెచ్చిన ప్లాస్టిక్ కవరు గరగరమనగానే కుక్క వంటింటి గడపలోకి వచ్చి నిలబడటం మనందరికీ తెలిసినదే. కవరుకు రుచి లేదు, వాసన కూడా అప్పటికింకా రాలేదు, ఆ చప్పుడు తరువాత ఏమి వస్తుందో దానికి తెలుసు. బెల్టును ఆ కవరు స్థానానికి తీసుకురావడమే మనం చేయవలసిన పని.

తిండిగా ఉప్పు, కారం, ఉల్లిగడ్డ, ఎల్లిపాయ ఏమీ వేయకుండా ఉడికించిన చికెన్‌ను పల్లి గింజంత ముక్కలుగా చేసుకోవాలి. మాంసం తినని ఇళ్లలో పన్నీరు ముక్కలు సరిపోతాయి. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకు విషం లాంటివి, ముచ్చటకు కూడా పెట్టకూడదు. ఛాయ్‌తో తినే బిస్కెట్లు ఇవ్వవచ్చునా అని చాలామంది అడుగుతారు. ఒకటి అరా వల్ల ముప్పు లేదు గానీ అందులో ఉన్నది మైదా, చక్కెర. పైగా నమలడానికి పట్టే సమయంలో పిల్ల ధ్యాస బెల్టు నుంచి బిస్కెట్ మీదికి పోతుంది. నోట్లో వేసుకోగానే మింగగలిగే మెత్తని ముక్కే ఈ పనికి తగినది. ఇలా పెట్టినంత మేరకు ఆ పూట భోజనంలో తగ్గించుకోవాలి.

రోజుకు నాలుగైదుసార్లు, ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు మాత్రమే కూర్చోవాలి. పిల్ల కాస్త ఆకలితో ఉండే వేళ, అంటే భోజనానికి ముందు, మంచిది. టీవీ ఆపి, మన పిల్లలను పక్క గదిలోకి పంపి, నేల మీద దానికి పక్కగా కూర్చోవాలి. ఎదురుగా నిలబడి దాని మీదికి వంగితే, బెల్టు మాట దేవుడెరుగు, ఆ వంగిన ఆకారానికే అది బెదురుతుంది.

మొదటి రెండు రోజులు బెల్టును నేల మీద ఉంచడం తప్ప మరేమీ చేయకూడదు. జేబులో నుంచి బెల్టు తీసి నేల మీద పెట్టాలి, పిల్ల దాన్ని చూడగానే లేదా వాసన చూడగానే ఒక ముక్క ఇవ్వాలి. మూడు నాలుగు ముక్కలయ్యాక బెల్టు మళ్లీ జేబులోకి వెళ్లాలి, దానితో పాటే చికెన్ గిన్నె కూడా అటక మీదికి వెళ్లాలి. బెల్టు కనబడితే విందు మొదలవుతుంది, మాయమైతే విందు ఆగిపోతుంది. బెల్టును రోజంతా దాని పక్కలోనే పడేస్తే వాసన అలవాటవుతుందని కొందరు చెబుతారు. పిల్ల దాన్ని కొరికి పీలికలు చేస్తుంది, నైలాన్ పోగులు మింగుతుంది. నేనైతే ఆ సలహా ఇవ్వను.

మూడో రోజు నుంచి బెల్టు క్లిప్పును పెట్టి, సర్దుబాటు పూర్తిగా వదులు చేసి, తల సులువుగా దూరేంత పెద్ద వలయంగా చేసుకోవాలి. ఎడమ చేత్తో ఆ వలయాన్ని దాని ముఖానికి జానెడు దూరంలో పట్టుకొని, కుడి చేతిలోని ముక్కను వలయానికి అవతలి వైపు ఉంచాలి. మొదట్లో అది మూతి మాత్రమే చాపి ముక్క లాక్కొని వెనక్కి పోతుంది. పోనివ్వాలి. తరువాతి ముక్కను మరో అంగుళం వెనక్కి ఉంచాలి. అప్పుడు కళ్ల దాకా వస్తుంది, తరువాత చెవుల దాకా. ఇక్కడ చేయి తొందరపడుతుంది. తల సగం దాకా వచ్చింది కదా, మిగతా సగం మనమే తోసేద్దామని వేళ్లు ముందుకు కదులుతాయి. వలయం పట్టుకున్న చేయి గోడకు కొట్టిన మేకులా కదలకుండా ఉండాలి, కదిలేది కుక్క తల మాత్రమే. లడ్డు మూడో రోజు సాయంత్రం చెవులు వెనక్కి వాల్చి, ఒక్కసారిగా భుజాల దాకా దూరి, ముక్క తిని, వలయం మెడలో ఉండగానే ఇంకొక ముక్క కోసం నా ముఖం వైపు చూసింది. ఆ చూపు వచ్చిందంటే తరువాతి మెట్టు ఎక్కవచ్చు.

క్లిప్పు చప్పుడును విడిగా అలవాటు చేయాలి. మనకది చిన్న టక్ శబ్దం, మెడ కింద మోగితే కుక్కకు అది చెవి పక్కన విరిగిన పుల్ల. ముందుగా బెల్టును తువాలులో చుట్టి, రెండడుగుల దూరంలో టక్‌మనిపించి ఒక ముక్క ఇవ్వాలి. తరువాత తువాలు లేకుండా, ఆ తరువాత దగ్గరగా చేయాలి. చప్పుడు వినగానే చేతి వైపు చూడటం మొదలుపెడితే, అప్పుడు మెడ దగ్గర పెట్టవచ్చు. బొచ్చు కుక్కలకు క్లిప్పు పెట్టేటప్పుడు దాని కింద మన చూపుడు వేలు అడ్డం పెట్టుకుంటే వెంట్రుకలు అందులో పడి చురుక్కుమనవు. ఒక్కసారి చురుక్కుమన్నదంటే వారం పని వృథా అవుతుంది.

ఇక నిజంగా పెట్టే రోజు. బెల్టు పెట్టి, అయిదు సెకన్ల పాటు ముక్క వెంట ముక్క ఇచ్చి, ముక్కలు ఆపేసి, బెల్టు తీసేయాలి. మళ్లీ పది సెకన్లు. మళ్లీ అయిదు. ఆ తరువాత అర నిమిషం, ఒక నిమిషం, భోజనం చేసినంత సేపు, బంతితో ఆడినంత సేపు ఇలా పెంచుకుంటూ పోవాలి. ప్రతిసారీ ముందటి కన్నా ఎక్కువే ఉంచాలని పట్టుదల పడితే, ఇది రాను రాను కష్టమవుతున్నదని పిల్లకు అర్థమవుతుంది, అందుకే నడుమ నడుమ చాలా తక్కువ సేపు కూడా పెట్టి తీయాలి. ఆవలించడం, ఖాళీ మూతి నాకుకోవడం, తల పక్కకు తిప్పుకోవడం, తోక కిందికి ముడుచుకోవడం, బొమ్మలా కొయ్యబారి నిలబడటం, ఇవన్నీ భయానికి గుర్తులు. అందులో ఏది కనిపించినా ఒక మెట్టు కిందికి దిగి, సులువైనదేదో చేయించి, ఆ పూటకు ముగించాలి.

గీరుకోవడం

మొదటి రెండు మూడు రోజులు వెనక కాలితో మెడను గీరుకోని కుక్కపిల్ల ఉండదు. మనం కొత్త గడియారం పెట్టుకున్నప్పుడు మణికట్టు మీదికి మాటిమాటికీ చేయి పోయినట్టే ఇదీ. దీన్ని కసరకూడదు, "అయ్యో బంగారం" అంటూ ఎత్తుకొని ముద్దు చేయనూ కూడదు. గీరుకుంటున్న క్షణంలోనే బెల్టు తీసేస్తే, గీరితే ఊడుతుందని అది నేర్చుకుంటుంది. బంతి దొర్లించి గానీ, పేరు పెట్టి పిలిచి గానీ రెండడుగులు నడిపించి, అది ఊరుకున్న తరువాత తీయాలి. దవడో కాలో ఇరుక్కుంటే మాత్రం ఈ నియమమేదీ పాటించకుండా తక్షణమే తీసేయాలి.

వారం దాటినా గీరుకోవడం తగ్గకపోతే బెల్టును తప్పుపట్టే ముందు చర్మాన్ని చూడాలి. పిడుదులకు బెల్టు కింది భాగం, చెవుల వెనక భాగం ఇష్టమైన చోట్లు. అవి ఎర్లికియా, బబీసియా వంటి జ్వరాలను తెస్తాయి. చెవిలో దుర్వాసన వస్తూ, తల విదిలించుకుంటూ ఉంటే అది చెవి జబ్బు. చర్మం ఎర్రబడి, తడిగా, జిగటగా కనిపిస్తే బెల్టు రాపిడి పుండైంది. వీటిలో దేనికైనా పశువైద్యులకు చూపించాలి. పిడుదుల మందు పట్టించిన బెల్టులు వేరే రకం. వాటికి కనీస వయసు డబ్బా మీద రాసి ఉంటుంది, వైద్యులను అడగకుండా చిన్న పిల్ల మెడకు వేయకూడదు.

నేను గమనించిన ఇంకొక చిక్కును ఎవరూ ముందుగా చెప్పలేదు. బెల్టు బాగా అలవాటైన తరువాత లడ్డు ఒక పూట హఠాత్తుగా అన్నం మానేసింది. గిన్నె దగ్గరికి వస్తుంది, తల వంచుతుంది, ఉలిక్కిపడి వెనక్కి పోతుంది. నేల మీద పడుకొని చూస్తే గానీ విషయం తెలియలేదు. ఆ ఉదయమే బెల్టుకు తగిలించిన ఇనుప బిళ్ల, తల వంచగానే స్టీలు గిన్నె అంచుకు ఖంగుమని కొట్టుకుంటున్నది. గిన్నె కింద ఇటుక పెట్టి ఎత్తు పెంచాక, బిళ్లకు గుడ్డ టేపు చుట్టాక మళ్లీ తిన్నది. బెల్టుకు ఏది కొత్తగా తగిలించినా ఆ రోజు భోజనాన్ని దగ్గరుండి చూడాలి.

ఆ బిళ్ల మాత్రం తప్పక ఉండవలసినదే. కుక్క పేరు లేకపోయినా ఫరవాలేదు, ఫోన్ నంబరు ఉండాలి. నేమ్ ప్లేట్లు, రబ్బరు స్టాంపులు చేసే దుకాణాల్లో చిన్న బిళ్ల మీద చెక్కి ఇస్తారు. లేకపోతే లేత రంగు నైలాన్ బెల్టు లోపలి వైపు చెరగని మార్కర్‌తో రాసినా సరిపోతుంది, చప్పుడూ ఉండదు. దీపావళి రాత్రి బాంబుల మోతకు తలుపు సందు దొరికితే పారిపోయే చిన్న కుక్కలు చాలా ఉంటాయి. మెడలో నంబరున్న కుక్క ఎవరికి దొరికినా ఇంటికి చేరే అవకాశం ఉంటుంది.

చేయి, తాడు, బాడీ బెల్టు

బెల్టు అలవాటైనంత మాత్రాన, బెల్టును పట్టుకునే చేయి అలవాటైనట్టు కాదు. మన ఇళ్లలో కుక్క మెడ బెల్టును పట్టుకునేది ఎప్పుడు? కట్టేయడానికి, స్నానానికి లాక్కుపోవడానికి, చుట్టాలొచ్చినప్పుడు గదిలో పెట్టడానికి. అందుకే చాలా కుక్కలు చేయి మెడ మీదికి రాగానే కిందికి వంగి జారుకుంటాయి. దీనికి విరుగుడుగా రోజూ పది పదిహేనుసార్లు, ఏ పనీ లేకుండానే, గడ్డం కింది నుంచి చేయి పెట్టి రెండు వేళ్లతో బెల్టు తాకి, ఒక ముక్క ఇచ్చి వదిలేయాలి. నాలుగు రోజులకు తాకడం పట్టుకోవడమవుతుంది, వారానికి పట్టుకొని రెండడుగులు నడిపించడమవుతుంది. గేటు తెరిచి ఉన్నప్పుడు బయటికి దూకబోయే కుక్కను ఆపగలిగేది ఈ అలవాటే.

తాడు ఇంట్లోనే మొదలుపెట్టాలి. టీకాల వరుస పూర్తయ్యేదాకా, అంటే సుమారు నాలుగు నెలల వయసు వచ్చేదాకా, పార్వో వంటి జబ్బుల భయం వల్ల పిల్లను ఎలాగూ వీధిలో దింపకూడదు కాబట్టి ఆ వ్యవధి దీనికి సరిగ్గా సరిపోతుంది. పైజామా నాడా అంత తేలికైన, నాలుగడుగుల నూలు తాడును బెల్టుకు కట్టి, కొస నేల మీద ఈడ్చుకుంటూ తిరగనివ్వాలి. మనిషి చూస్తున్నంత సేపే ఈ పని, కుర్చీ కాలికి చుట్టుకుంటే ఆ బెదురు మొదటికి తెస్తుంది. తరువాత కొసను చేతిలోకి తీసుకొని, పిల్ల ఎటు పోతే అటు మనమే వెళ్లాలి. మన వెంట అది రావడం ఆ తరువాతి సంగతి.

వీధిలో నడిపించేటప్పుడు మాత్రం తాడును మెడ బెల్టుకు తగిలించవద్దని చిన్న కుక్కలున్న అందరికీ చెబుతాను. పామరేనియన్, చివావా, యార్క్‌షైర్ టెర్రియర్ వంటి జాతుల్లో శ్వాసనాళాన్ని నిలబెట్టే మృదులాస్థి వలయాలు బలహీనంగా ఉండి, నాళం అణగిపోయే జబ్బు తరచుగా వస్తుంది. మెడ మీద లాగుడు పడితే అది ముదురుతుంది. ఉత్సాహంగా ఉన్నప్పుడో నీళ్లు తాగినప్పుడో బాతు అరుపులాంటి పొడి దగ్గు రావడం దాని గుర్తు. పగ్‌లకు కళ్లు ఉబ్బెత్తుగా ఉంటాయి కాబట్టి మెడ మీది ఒత్తిడి కళ్ల దాకా పోతుంది. తాడు తగిలించడానికి ఛాతీ చుట్టూ వచ్చే బెల్టు కొనాలి, మన దుకాణాల్లో దీన్ని బాడీ బెల్టు అంటారు. దాన్ని కూడా ఇదే వలయం పద్ధతిలో అలవాటు చేయాలి. మెడ బెల్టు ఫోన్ నంబరు మోయడానికి, ఇది పెంపుడు కుక్క అని వీధికి తెలియజేయడానికి, అవసరానికి చేత్తో పట్టుకోవడానికి ఉంటుంది.

ఏటా జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి తెలియజెప్పే రోజు) సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. ఆ రోజు పెద్ద కుక్కలు, అరుపులు, తోపులాట తప్పవు. బెల్టు, తాడు అప్పటికి నెల ముందే అలవాటై ఉంటే చిన్న కుక్క ఒళ్లో నుంచి జారి పారిపోయే ప్రమాదం తగ్గుతుంది. మొదటిసారి బెల్టు పెట్టడానికి మాత్రం ఆ రోజును ఎంచుకోకూడదు.

మన ఎండలు, మన కోతులు

ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. తోలు బెల్టు చెమ్మకు తడిసి, ఎండకు ఎండి, అట్టముక్కలా గట్టిపడుతుంది. ఇనుప కొక్కెం చర్మానికి చురుక్కుమని తగులుతుంది. ఆ నెలల్లో భద్రకాళి చెరువు కట్ట మీద నడిపించాలన్నా పొద్దున ఏడు గంటల లోపే, లేకపోతే పొద్దుగూకిన తరువాతే. వానాకాలంలో తడి బెల్టు మెడ మీదే ఆరితే రాత్రికి రాత్రే పుండు పడుతుంది. రెండు బెల్టులు ఉంచుకొని మార్చి మార్చి వేయడం ఖర్చు తక్కువ జాగ్రత్త.

రాత్రి పడుకునేటప్పుడు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, రెండు పిల్లలు ఒకదానినొకటి కొరుక్కుంటూ ఆడుతున్నప్పుడు బెల్టు తీసేయాలి. కిటికీ గ్రిల్లుకు, కూలర్ స్టాండుకు కొక్కెం తగులుకున్నదంటే పిల్ల ఎంత గింజుకుంటే అంత బిగుస్తుంది. మేడ మీద పిట్టగోడ పక్కన తాడుతో కట్టేసి రావడం అన్నింటికన్నా పెద్ద తప్పు. హన్మకొండలో ఏ వాడలోనైనా కోతులు మేడల మీదికి వస్తాయి. కట్టేసి ఉన్న చిన్న కుక్క వాటి నుంచి తప్పించుకోలేదు, బెదిరి పిట్టగోడ దూకితే మెడకే వేలాడుతుంది.

వీధి కుక్కను పెద్ద వయసులో తెచ్చుకున్నవాళ్లు ఇంకొంత ఓపిక పట్టాలి. దాని చెవి కొస కత్తిరించి ఉంటే, పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్స కోసం ఒకసారి పట్టుబడి వచ్చిన కుక్క అని అర్థం. వలయాన్ని చూడగానే ఆ పట్టుబడిన రోజు గుర్తుకు రావచ్చు. అలాంటి కుక్కకు వలయం చూపకుండా, విప్పిన బెల్టును ముందు వీపు మీద ఒక్క క్షణం వేసి తీయడం, తరువాత మెడ మీద వేసి తీయడం, ఆపైన కొసలు కలపడం అనే దారి నయం. రెండు వారాలని గడువు పెట్టుకోకుండా నెలన్నర పట్టినా పట్టనివ్వాలి.

పిల్ల ఆరు నెలల దాకా వేగంగా పెరుగుతుంది కాబట్టి వారానికొకసారి వేలు పెట్టి బిగుతు చూడాలి. మా ఇంట్లో ఆదివారం చికెన్ ఉడుకుతున్నంత సేపు ఆ పని చేస్తాము. బెల్టు తీసి, బొచ్చు పాయలు తీసి మెడ చుట్టూ పిడుదుల కోసం వెతికి, బెల్టు లోపలి వైపు సబ్బుతో కడిగి ఆరేసి, రెండో బెల్టు తీస్తాము. గూట్లో నుంచి అది తీసిన చప్పుడుకే లడ్డు వచ్చి మెడ చాచి నిలబడుతుంది, నా ఒక చేతిలో బెల్టు, మరో చేతిలో పల్లి గింజంత చికెన్ ముక్క ఉంటాయి.